దిగుమతి ద్రాక్ష తీగను ఏళ్ల తరబడి ఎందుకు ఆపుతారు?

ద్రాక్ష కొమ్మ విమానమెక్కితే రెండు రోజుల్లో దేశం దాటుతుంది. అదే కొమ్మ తోటలో నాటుకునేందుకు చేతికి రావాలంటే మాత్రం చాలా దేశాల్లో రెండేళ్లు, ఒక్కోసారి మూడు నాలుగేళ్లు పడుతుంది. చూస్తే పెన్సిలంత మందం, నాలుగైదు కళ్లు (మొగ్గలు) ఉన్న ఎండు పుల్ల. దాని కోసం నర్సరీ యజమాని దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, క్యాలెండర్ తిరగేస్తూ కూర్చోవాలి. ఆయన అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: వైరస్ జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష ఫలితం ఒకటి రెండు రోజుల్లో వస్తుంది కదా, మిగతా కాలమంతా ఏం చేస్తున్నారు?

న్యాయమైన ప్రశ్నే. జాప్యంలో కొంత భాగం ఆఫీసులదే, దాన్ని వెనకేసుకు రావాల్సిన పనిలేదు. కానీ ఎక్కువ కాలాన్ని తినేది కాగితాలు కావు. వైరస్ తీగలో ఎక్కడ దాక్కుంటుంది, ఏ నెలలో బయటపడుతుంది, మనం దాన్ని ఏమని అడిగాం అన్న మూడు సంగతులే ఆ కాలాన్ని నిర్ణయిస్తాయి. "పరీక్షలో ఏమీ దొరకలేదు" అన్న మాటకు, "తీగలో ఏమీ లేదు" అన్న మాటకు మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడమే క్వారంటైన్ కేంద్రం పని. ఆ దూరం పూర్తిగా చెరిగిపోవడం ఎప్పుడూ జరగదు.

గింజలతో తెచ్చుకుంటే ఈ గొడవే ఉండదు కదా అని కొందరంటారు. వైరస్‌ల వరకు ఆ మాటలో నిజం చాలా ఉంది. ద్రాక్షను పట్టే వైరస్‌లలో ఎక్కువ భాగం గింజలోకి పోవు. కానీ గింజ నాటితే మొక్క వస్తుందే తప్ప ఆ రకం రాదు. కాబెర్నే అనే వైన్ ద్రాక్ష రకం గింజ నుంచి మొలిచేది కాబెర్నే సంతానం, కాబెర్నే కాదు. రకం చెడకుండా ఉండాలంటే కొమ్మ కోసి నాటాలి, లేదంటే అంటు కట్టాలి. కొన్ని రకాలను వందల ఏళ్లుగా ఇలాగే పెంచుకొస్తున్నారు. అంటే ఎప్పుడో పుట్టిన ఒక్క తీగే ముక్కలు ముక్కలై ఇప్పటిదాకా బతుకుతోంది. ఈ ప్రయాణంలో ఎక్కడ ఏ వైరస్ సోకినా అది కూడా ముక్క ముక్కకీ వెంట వస్తుంది. ద్రాక్షలో ఇప్పటికి గుర్తించిన వైరస్‌లు 80కి పైనే. మరే పంటలోనూ ఇన్ని లేవని వైరస్ శాస్త్రవేత్తలంటారు.

పళ్ల దుకాణంలో విదేశీ ద్రాక్ష గుత్తులు దొరుకుతుంటే కొమ్మకు మాత్రం ఇన్ని అడ్డంకులెందుకన్నది రెండో సందేహం. పండు తింటే దాని కథ అక్కడితో అయిపోతుంది. కొమ్మ నాటితే 30 ఏళ్లు అక్కడే నిలబడి ఉంటుంది, దాని నుంచి మళ్లీ వేల కొమ్మలు కోస్తారు. యూరోపియన్ యూనియన్ చట్టం ఈ తేడాను సూటిగా చెబుతుంది: స్విట్జర్లాండ్ మినహా బయటి దేశాల నుంచి పండ్లు తప్ప ద్రాక్ష మొక్క భాగమేదీ రాకూడదు. పరిశోధన, ప్రయోగాల కోసం మాత్రం ప్రత్యేక అనుమతితో తెచ్చుకోవచ్చు.

ఈ భయం ఎక్కడ మొదలైంది

19వ శతాబ్దం మధ్యలో ఆవిరి ఓడలు వేగం పుంజుకున్నాయి. అమెరికా నుంచి ద్రాక్ష మొక్కలు ప్రాణంతో యూరప్ చేరడం సులువైంది. 1845లో ఇంగ్లండ్‌లో ఒక గాజు గదిలోని తీగల మీద బూడిద తెగులు కనిపించింది. 1860ల్లో దక్షిణ ఫ్రాన్స్‌లో తోటలు వరసపెట్టి ఎండిపోవడం మొదలైంది. 1868లో వృక్షశాస్త్రవేత్త జూల్ ఎమీల్ ప్లాంషోఁ, ఆయన సహచరులు వేర్లు తవ్వి చూస్తే పేనుబంకకు దగ్గరి చుట్టమైన ఓ పసుపు పురుగు గుంపులుగా కనిపించింది. అదే ఫిలాక్సెరా. దానికి మందు వెతుకుతుండగానే 1878లో ఫ్రాన్స్‌లో బూజు తెగులు కూడా కనిపించింది. అదే ఏడాది బెర్న్ నగరంలో కొన్ని దేశాలు కూర్చుని ఫిలాక్సెరా మీద ఒప్పందం రాసుకున్నాయి, 1881లో దాన్ని తిరగరాశాయి. మొక్కల ఆరోగ్యం కోసం దేశాల మధ్య కుదిరిన తొలి ఒప్పందంగా దాన్నే చెబుతారు.

ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. వైరస్‌ల సంగతి అర్థం కావాలంటే తర్వాతి అంకం చూడాలి. ఫిలాక్సెరాకు విరుగుడుగా యూరప్ రకాలను అమెరికా జాతుల రూట్‌స్టాక్ (కింద వేరునిచ్చే మొక్క) మీద అంటు కట్టడం మొదలుపెట్టారు. వేర్లు బతికాయి, తోటలు నిలిచాయి. కానీ వైరస్‌కు అంటును మించిన రాజమార్గం లేదు. పై కొమ్మలో ఉన్నది కిందికి దిగుతుంది, కింద ఉన్నది పైకి పాకుతుంది. పైగా అమెరికన్ రూట్‌స్టాక్‌లలో చాలావాటికి లీఫ్‌రోల్ (ఆకు ముడుచుకునే జబ్బు) లాంటి వైరస్‌లు సోకినా ఆకు మీద ఏ గుర్తూ రాదు. పచ్చగా, నిండుగా ఉన్న తల్లి మొక్క నుంచి వేల కొమ్మలు కోసి వేల తోటలకు పంపితే జబ్బు కూడా అన్ని తోటలకూ చేరిపోయింది. పురుగు నుంచి కాపాడిన ఉపాయమే వైరస్‌లకు దారి వేసింది.

దీనికి కాలిఫోర్నియాలో వందేళ్ల తర్వాత మరో అధ్యాయం నడిచింది. అక్కడ ఏఎక్స్ఆర్-1 అనే రూట్‌స్టాక్‌ను విస్తారంగా వాడారు. 1980ల్లో ఫిలాక్సెరా దాన్నీ పడగొట్టింది. రైతులు అదే పాత తోటల నుంచి కోసిన కొమ్మలను కొత్త రూట్‌స్టాక్‌ల మీద కట్టారు. ఏళ్ల తరబడి ఏమీ లేనట్టు కనిపించిన రకాలు ఒక్కసారిగా నీరసించాయి. వైరస్ అప్పటికే పై కొమ్మలో ఉంది. ఏఎక్స్ఆర్-1 దాన్ని ఓర్చుకుంది, కొత్త వేర్లు ఓర్చుకోలేదు. తీగ పైకి బాగుంది కాబట్టి లోపలా బాగుందని నమ్మేవాళ్లకు నేను మొదట చెప్పే ఉదాహరణ ఇదే.

దిగిన రోజు

క్వారంటైన్ కేంద్రానికి వచ్చే కొమ్మలు సాధారణంగా నిద్రావస్థలో కోసినవి. ఆకు ఉండదు, వేరు ఉండదు, మట్టి ఉండదు. ఆకు లేకపోతే దాని మీద బతికే చాలా పురుగులు, బూజులు రావు. మట్టి లేకపోతే నులిపురుగులు రావు. బెరడు సంగతి వేరు. యూరప్‌లో ఫ్లావసెన్స్ డోరే అనే పసుపు జబ్బును మోసే దీపపు పురుగు స్కాఫోయిడియస్ టైటానస్ ఉత్తర అమెరికాది. అది రెండేళ్ల కొమ్మల బెరడు కింద గుడ్లు పెడుతుంది. నిద్రలో ఉన్న కొమ్మ కట్టల్లో సముద్రం దాటడానికి అంతకన్నా సుఖమైన చోటు దానికి దొరకదు. అందుకే కొమ్మ వయసు కూడా చూస్తారు, బెరడును భూతద్దం కింద పరిశీలిస్తారు, అవసరమైతే మందు ద్రావణంలో ముంచుతారు, కొన్నిచోట్ల విషవాయువు పట్టిస్తారు.

తర్వాత వేడినీళ్ల స్నానం. 50 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో సుమారు 45 నిమిషాలు. నీళ్ల వేడి కాస్త అటూ ఇటూ అయినా పని చెడుతుంది. తగ్గితే సూక్ష్మజీవి మిగులుతుంది, పెరిగితే కన్ను చచ్చిపోతుంది. ఫైటోప్లాస్మాలు అనే గోడలేని బ్యాక్టీరియాలకు, పియర్స్ వ్యాధిని కలిగించే జైలెల్లా బ్యాక్టీరియాకు ఇది బాగా పనిచేస్తుంది. వైరస్‌కు మాత్రం ఇది చీమ కుట్టినంత కూడా కాదు. "వేడినీళ్ల శుద్ధి చేసిన మొక్క" అన్న చీటీ చూసి వైరస్ లేదని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ చీటీ వైరస్ గురించి ఒక్క ముక్కా చెప్పదు.

ఇంకో దేశపు వృక్ష ఆరోగ్య ధ్రువపత్రం కూడా అంతే. పరీక్షించిన రోజున ఆ సరుకు, కొనే దేశం అడిగిన షరతులకు తగ్గట్టుగా ఉందని మాత్రమే అది చెబుతుంది. కొనే దేశం ఏ వైరస్ గురించీ అడగకపోతే దాని గురించి ఆ కాగితంలో ఏ మాటా ఉండదు. టిష్యూ కల్చర్ మొక్కల మీద ఉన్న భ్రమ మరీ పెద్దది. గాజు సీసాలో తెల్లటి జెల్లీ మీద పెరిగిన మొక్కకు పురుగు లేదు, బూజు లేదు, మట్టి లేదు. వైరస్ మాత్రం ఉండొచ్చు. వైరస్ ఉన్న తీగ కన్నును సీసాలో పెడితే వైరస్ ఉన్న మొక్కలే వందల్లో వస్తాయి.

ఒక కొమ్మలో వైరస్ ఎక్కడుంటుంది

అసలు చిక్కు ఇక్కడుంది. మనిషి రక్తం ఒంట్లో ఎక్కడ గుచ్చినా ఒకటే. తీగ అలా కాదు. లీఫ్‌రోల్ వైరస్‌లు ఆకుల్లో తయారైన చక్కెరను మోసే ఫ్లోయమ్ నాళాలను దాటి పెద్దగా బయటికి రావు. అవి కూడా తీగంతా సమానంగా ఉండవు. ఒక కొమ్మలో పుష్కలంగా ఉండి పక్క కొమ్మలో జాడ లేకపోవచ్చు. పైన లేత ఆకులో దొరకనిది అదే రెమ్మ మొదట్లో ముదురాకు కాడలో దొరుకుతుంది.

కాలం కూడా చూసుకోవాలి. లీఫ్‌రోల్ వైరస్‌లలో మూడో నంబరుదైన లీఫ్‌రోల్-3ని పట్టాలంటే వేసవి చివర, శరదృతువులో కింది ఆకుల కాడలు కోయాలి. లేదా చలికాలంలో కొమ్మ బెరడు తీసి లోపలి పొర గోకాలి. ఫ్యాన్‌లీఫ్ అనే మరో వైరస్ దీనికి తలకిందులు. వసంతంలో విచ్చుకుంటున్న లేతాకులో అది బాగా దొరుకుతుంది, ఎండలు ముదిరేసరికి దాని మోతాదు పడిపోతుంది. వేసవి నడుమ ఒక్కసారి ఆకు కోసి రెండింటికీ పరీక్ష చేయించి, రెండింటికీ "లేదు" అని రాయించుకోవడం కష్టమేమీ కాదు. అలాంటి నివేదికకు విలువ ఎంతో చెప్పాల్సిన పనిలేదు.

ల్యాబ్‌లో నమూనా తయారు చేసేటప్పుడు చూస్తే సంగతి ఇంకా తెలుస్తుంది. చలికాలపు కొమ్మ ముక్క తీసుకుని పైనున్న గోధుమరంగు బెరడును బ్లేడుతో చెక్కేస్తారు. దాని కింద తడిగా, లేత ఆకుపచ్చగా ఓ పొర బయటపడుతుంది. దాన్ని సన్నటి పీచుగా గోకి తూకం వేస్తారు. అర గ్రాము కూడా ఉండదు. దాన్ని నూరితే వచ్చేది గోధుమరంగు జిగురు. ద్రాక్ష కణజాలంలో ఫినాల్ పదార్థాలు, జిగురు చక్కెరలు దండిగా ఉంటాయి. అవి ఆర్‌ఎన్‌ఏకు అంటుకుని పీసీఆర్ ఎంజైమ్ పనిని ఆపేస్తాయి. శుభ్రం చేయడంలో తేడా వస్తే వైరస్ ఉన్నా యంత్రం "లేదు" అనే చెబుతుంది. అందుకే మంచి ల్యాబ్‌లో వైరస్‌తో పాటు ద్రాక్ష సొంత జన్యువొకదాన్ని కూడా వెతుకుతారు. ఆ సొంత జన్యువు కూడా దొరకకపోతే "లేదు" అన్న ఫలితాన్ని పక్కన పడేసి మళ్లీ మొదలుపెడతారు. కొమ్మ ముక్కలు పంపి రిపోర్టు తెప్పించుకునే రైతు ఆ కాగితంలో ఇది ఉందో లేదో చూసుకోవడం మంచిది.

పరీక్షల్లో పాతది ఎలైసా. వైరస్ పైపొర ప్రోటీన్‌ను ప్రతిదేహంతో పట్టి రంగు మారేలా చేస్తుంది. చవక, వందల నమూనాలు ఒక్కరోజులో అయిపోతాయి, కానీ వైరస్ పలచగా ఉంటే పట్టలేదు. పీసీఆర్ దానికన్నా ఎంతో నిశితం. అయితే అది వెతకమన్న వరసనే వెతుకుతుంది. లీఫ్‌రోల్-3 పేరుతో పిలిచే ఒక్క వైరస్‌లోనే జన్యుపరంగా బాగా వేరుపడిన గుంపులు కొన్ని ఉన్నాయి. ఒక గుంపును చూసి తయారు చేసుకున్న ప్రైమర్లు (పీసీఆర్‌కు వెతకాల్సిన వరస చూపే చిన్న జన్యు ముక్కలు) ఇంకో గుంపు ముందు గుడ్డివైపోయిన సందర్భాలున్నాయి.

తీగతోనే తీగకు పరీక్ష

యంత్రాలు రాకముందు నుంచీ ఉన్న పద్ధతి ఒకటుంది. దాన్ని ఇండెక్సింగ్ అంటారు. వైరస్ సోకితే వెంటనే, స్పష్టంగా లక్షణాలు చూపించే రకాలు కొన్ని ఉన్నాయి. వచ్చిన తీగను వాటికి అంటు కట్టి చూడటమే ఈ పరీక్ష. లీఫ్‌రోల్‌కు కాబెర్నే ఫ్రాంక్, ఫ్లెక్‌కు సెయింట్ జార్జ్, కార్కీ బార్క్‌కు ఎల్ఎన్33, కాండం మీద గాళ్లు పడే జబ్బుకు కోబర్ 5బీబీ. ఇలా ఒక్కో జబ్బుకు ఒక్కో సాక్షి.

అంటు కట్టేవాడు వచ్చిన కొమ్మ మీది ఒక కన్నును, దాని వెనకాల కొద్దిపాటి చెక్కతో సహా కత్తితో లేపుతాడు. సాక్షి మొక్క కాండం మీద సరిగ్గా అదే కొలతకు గంటు పెడతాడు. లోపలి పచ్చ పొరలు రెండూ ఒరుసుకునేలా ముక్కను కూర్చోబెట్టి టేపు చుడతాడు. ఒక్కో సాక్షి రకానికి మూడు నాలుగు మొక్కలైనా పెడతారు. వాటి పక్కనే వైరస్ ఉన్నదని తెలిసిన తీగ అంటును, లేదని తెలిసిన తీగ అంటును కూడా నాటుతారు. అతుకు కుదిరితే చాలు, తర్వాత ఆ కన్ను చచ్చిపోయినా ఫరవాలేదు, వైరస్ అప్పటికే దాటేసి ఉంటుంది. ఇక ఎదురు చూపే. మొదటి ఏడు ఏమీ కనిపించకపోవచ్చు. రెండో శరదృతువులో కాబెర్నే ఫ్రాంక్ ఆకులు ఈనెలకు మధ్యనున్న చోట ఎర్రబడి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, అంచులు కిందికి ముడుచుకున్నాయంటే లీఫ్‌రోల్ ఉన్నట్టే. కాండం జబ్బులకైతే కొమ్మ కోసి, బెరడు ఒలిచి, లోపలి చెక్క మీద గుంటలు, గాళ్లు ఉన్నాయేమో వేలితో తడిమి చూస్తారు.

నర్సరీ యజమాని అడిగిన ఆ "మిగతా కాలం" చాలావరకు ఇదే. సాక్షి తీగ రెండు సార్లు చిగురించి రెండు సార్లు ఆకు రాల్చాలి. దాన్ని తొందరపెట్టే మార్గం లేదు. పైగా వేరే అర్ధగోళం నుంచి వచ్చిన కొమ్మ ఇక్కడి వేసవి నడిబొడ్డున నిద్రలో దిగుతుంది. దాన్ని చల్లటి గదిలో దాచి రుతువు కలిసేదాకా ఆపడానికే నెలలు పోతాయి.

దీన్ని పాతకాలపు పద్ధతని తీసిపారేసేవాళ్లకు ఒక మాట. ఇండెక్సింగ్ వైరస్ పేరు అడగదు. జబ్బు చేసేదేదైనా, దానికి శాస్త్రంలో ఇంకా పేరు పెట్టకపోయినా, సాక్షి మొక్క ఎర్రబడితే ఎర్రబడినట్టే. పేరు తెలిసినదాన్నే వెతికే పీసీఆర్‌కు ఈ గుణం లేదు. ఇండెక్సింగ్ బలహీనత వేరే. పలచగా ఉన్న వైరస్ అంటులో దాటకపోవచ్చు, చల్లటి ఏడాదిలో లక్షణం రాకపోవచ్చు, చూసే మనిషి కన్ను అనుభవం మీద కూడా ఫలితం ఆధారపడుతుంది.

ఎర్రబడ్డ ఆకు, ఖాళీ రిపోర్టు

2008 ప్రాంతంలో కాలిఫోర్నియా నాపా లోయ తోటల్లో ఒక వింత గమనించారు. తీగలు శరదృతువులో ఎర్రబడుతున్నాయి, పండులో చక్కెర పెరగడం లేదు. అందరూ లీఫ్‌రోల్ అనుకున్నారు. పరీక్షకు పంపితే లీఫ్‌రోల్ లేదని వచ్చింది. మళ్లీ పంపినా అదే మాట. తప్పు ల్యాబ్‌ది కాదు, ప్రశ్నది. ద్రాక్షలోని వైరస్‌లు దాదాపు అన్నీ ఆర్‌ఎన్‌ఏ జన్యువున్నవి. ఇది డీఎన్‌ఏ వైరస్. అప్పటికి వాడుతున్న పరీక్షల్లో దేనికీ దాని ఊసే తెలియదు. 2012 నాటికి దాని జన్యుక్రమం చదివి రెడ్ బ్లాచ్ అని పేరు పెట్టారు.

ఇది కొత్తగా పుట్టిన వైరసా? పాత ఎండు ఆకుల సేకరణ దీనికి సమాధానం చెప్పింది. కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలో 1940లో కోసి హెర్బేరియంలో కాగితానికి అతికించి దాచిన ద్రాక్ష ఆకులో అదే వైరస్ డీఎన్‌ఏ దొరికింది. ఈ పరిశోధన 2015లో వచ్చింది. అంటే ఏడు దశాబ్దాల పాటు ఆ వైరస్ తోటల్లో ఉంది, లీఫ్‌రోల్ పేరు చాటున తిరిగింది, "పరీక్షించి చూశాం" అన్న కాగితాలతో నర్సరీల గడపలు దాటింది. 2016లో దాన్ని మోసే పురుగునూ పట్టుకున్నారు. లూసర్న్ మేత పంటను ఆశించే, మూడు మూలల వీపున్న రసం పీల్చే పురుగు అది.

ఈ ఒక్క ఉదంతం తర్వాత పరీక్ష రిపోర్టును నేను చదివే తీరు మారింది. "నెగిటివ్" అన్న మాట కన్నా ముందు వేటి కోసం వెతికారో ఆ జాబితా చూస్తాను.

అన్నిటినీ ఒకేసారి చదివితే

ఆ చిక్కుకు ఇప్పటికి దొరికిన మంచి జవాబు హై-త్రూపుట్ సీక్వెన్సింగ్. నమూనాలో ఉన్న ఆర్‌ఎన్‌ఏనంతా కోట్ల చిన్న ముక్కలుగా చదివి, ద్రాక్ష సొంత జన్యువులు తీసేసి, మిగిలినదాన్ని తెలిసిన వైరస్‌లన్నిటితోనూ పోలుస్తారు. ఫలానా వైరస్ ఉందా అని అడగక్కర్లేదు. తెలియనిది ఉన్నా దూరపు చుట్టరికంతో పట్టుబడుతుంది. 2009లో ఈ పద్ధతితో నీరసించిన సిరా అనే ద్రాక్ష రకం తీగలో అంతవరకూ ఎవరూ చూడని వైరస్ బయటపడింది. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని, ఇండెక్సింగ్‌ను పక్కపక్కన పెట్టి పోల్చారు. వేగంలోనూ, దొరికిన వైరస్‌ల సంఖ్యలోనూ సీక్వెన్సింగ్‌దే పైచేయి. రెండేళ్ల పని వారాల్లో తేలిపోతుంది కాబట్టి క్వారంటైన్ కేంద్రాలు దీనివైపు మొగ్గుతున్నాయి.

ఇది వచ్చాక సమస్య రూపం మారింది. 2012లో ఇటలీలో పీనో గ్రి అనే రకం తీగల్లో ఇదే పద్ధతితో ఒక వైరస్‌ను కనుగొన్నారు. ఆకులు ముడతలు పడి, రంగు మచ్చలతో ఉన్న తీగల్లో అది ఉంది. సరే, జబ్బుకు కారణం దొరికిందనుకున్నారు. తీరా వెతికితే ఏ లక్షణమూ లేని తీగల్లోనూ, తర్వాత ఖండాలు దాటి ఎన్నో దేశాల్లోనూ అదే వైరస్ కనిపించింది. ఇప్పుడు దిగుమతైన కొమ్మలో అది దొరికితే ఏం చేయాలి? తగలబెట్టాలా, శుద్ధి చేయాలా, వదిలేయాలా? రూపెస్ట్రిస్ స్టెమ్ పిట్టింగ్ అనే కాండపు గుంటల జబ్బుతో ముడిపడిన వైరస్ ప్రపంచంలో ద్రాక్ష ఉన్న దాదాపు ప్రతిచోటా ఉంది. దాన్ని కూడా అడ్డుకుంటామంటే దిగుమతి చేసుకోదగ్గ తీగంటూ దాదాపు మిగలదు. అందుకే చాలా దేశాలు దాన్ని పట్టించుకోవడం మానేశాయి.

వైరస్‌ల జాబితా దేశానికో రకంగా ఉండటానికి కారణం ఇదే. దేశంలో ఇంకా లేనిది, వస్తే భారీ నష్టం చేసేది అయితే అది క్వారంటైన్ తెగులు. దొరికితే సరుకు లోపలికి రాదు. ఇప్పటికే దేశంలో ఉండి, నాటే మొక్కలో ఉండకూడదని నిషేధించినది వేరే తరగతి. యూరప్ చట్టంలో ద్రాక్ష నర్సరీ మొక్కలకు ఈ రెండో తరగతి వైరస్‌ల జాబితా చిన్నదే: ఫ్యాన్‌లీఫ్, అరాబిస్ మొజాయిక్, లీఫ్‌రోల్-1, లీఫ్‌రోల్-3, రూట్‌స్టాక్‌లకు మాత్రం ఫ్లెక్ కూడా. లీఫ్‌రోల్-2 అందులో లేదు. ఒక దేశంలో "సర్టిఫైడ్" అనిపించుకున్న మొక్క ఇంకో దేశపు గేటు దగ్గర ఆగిపోవడంలో వింతేమీ లేదు.

లేనిదాని గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, వైరస్, దాన్ని మోసే పురుగు కలిసిన చోటే అసలు నష్టం మొదలవుతుంది. లీఫ్‌రోల్-3 ఉన్న తీగ పిండినల్లి లేని తోటలో దశాబ్దాలు ఒంటరిగా పడి ఉండొచ్చు. కాలిఫోర్నియాలో 1994లో మధ్యధరా ప్రాంతపు పిండినల్లి ఒకటి దిగాక అదే వైరస్ వరస నుంచి వరసకు పాకడం మొదలుపెట్టింది. ఫ్యాన్‌లీఫ్‌ను మోసేది జిఫినెమా ఇండెక్స్ అనే నులిపురుగు. ఒక వైరస్‌ను నేలలోని నులిపురుగు మోస్తుందని ప్రపంచంలో మొదటిసారి రుజువైంది ఈ జంటతోనే, 1958లో. ఆ నేలలో తీగలు పీకేసినా తెగిపడ్డ వేర్ల మీద వైరస్, నులిపురుగు రెండూ ఏళ్ల తరబడి బతుకుతాయి. ఫ్యాన్‌లీఫ్ తీవ్రంగా ఉన్న తోటలో దిగుబడి 80 శాతం దాకా పడిపోయిన దాఖలాలున్నాయి.

దొరికితే పారేయడమేనా

పారేయరు. చాలాసార్లు అరుదైన రకానికి అదొక్కటే తీగ. శుద్ధి చేస్తారు. కుండీలోని మొక్కను 38 డిగ్రీల వేడి గదిలో వారాల తరబడి ఉంచడం పాత పద్ధతి. ఇప్పుడు ఎక్కువగా చేసేది చిగురు కొస పెంపకం. మైక్రోస్కోప్ కింద మొగ్గ మీది లేత రేకులను ఒక్కొక్కటే సూదితో విప్పుకుంటూ పోతే లోపల నీటిబొట్టులా మెరిసే గుబ్బ కనిపిస్తుంది. దాన్ని అర మిల్లీమీటరు లోపు ముక్కగా కోసి సీసాలో పెడతారు. ఆ కొసలోకి నాళాలు ఇంకా చేరవు కాబట్టి వైరస్ కూడా చాలాసార్లు చేరదు. ముక్క పెద్దదైతే వైరస్ వెంట వస్తుంది, మరీ చిన్నదైతే బతకదు. బతికి మొక్క కావడానికి ఏడాది దాకా పడుతుంది. ఆ మొక్కకు పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి. లీఫ్‌రోల్ వైరస్‌లు ఈ పద్ధతికి బాగానే లొంగుతాయి. వైరస్ కన్నా చిన్నవైన, వట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్కలైన వైరాయిడ్‌లు మాత్రం మొండికేస్తాయి.

ఇంత చేశాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: ఆరోగ్యంగా తేలిన ఈ తీగ, చీటీ మీద రాసిన రకమేనా? ఆస్ట్రేలియా రైతులు స్పెయిన్ సేకరణ నుంచి వచ్చిన అల్బరీన్యో అనే తెల్లరకాన్ని ఏళ్ల తరబడి పెంచి, ఆ పేరుతో వైన్ అమ్మారు. 2009లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే అది సావన్యాఁ అనే వేరే రకమని తేలింది. క్వారంటైన్‌లో పొరపాటేమీ జరగలేదు. వైరస్ పరీక్ష రకం పేరు చెప్పదు, అంతే. ఇప్పుడు మంచి కేంద్రాలు డీఎన్‌ఏ గుర్తింపును కూడా జత చేస్తున్నాయి.

ఈ నిరీక్షణ భరించలేక సూట్‌కేసుల్లో కొమ్మలు దాచి తెచ్చేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. న్యూజిలాండ్‌లో ఒక కథ చెప్పుకుంటారు. 1970ల్లో ఫ్రాన్స్‌లోని బర్గండీలో పేరుమోసిన తోట నుంచి కోసిన పీనో న్వార్ రకం కొమ్మను రబ్బరు బూటులో దాచి తెస్తూ ఒకడు ఆక్లండ్ విమానాశ్రయంలో దొరికిపోయాడట. పట్టుకున్న కస్టమ్స్ అధికారి ఏబెల్‌కు ద్రాక్ష తోటల మీద మక్కువ. కొమ్మను తగలబెట్టకుండా టె కౌవాటాలోని ప్రభుత్వ ద్రాక్ష పరిశోధన కేంద్రానికి పంపించి, క్వారంటైన్ ముగిసేదాకా ఆగి, బయటికి వచ్చిన తొలి కొమ్మల్లో కొన్ని తన తోటలో నాటుకున్నాడట. ఏబెల్ క్లోన్ పేరుతో అది ఇప్పుడు ఆ దేశమంతా ఉంది. అందరూ దొంగతనంగా తెచ్చిన భాగాన్నే చెప్పుకుని నవ్వుకుంటారు. నాకు మాత్రం చేతికి దొరికిన కొమ్మను ఏళ్ల పాటు పరీక్షలకు అప్పగించిన రెండో భాగమే ఎక్కువ నచ్చుతుంది.

విడుదలైన రోజుతో అంతా అయిపోతుందా అంటే, లేదు. శుభ్రమైన తీగ బయట నేలలో నాటుకున్న మరుక్షణం నుంచి అందరి తీగల్లాంటిదే. పిండినల్లి, నులిపురుగు, పక్క తోట గాలి దానికీ తగులుతాయి. డేవిస్‌లో 1958 నుంచి ఉన్న ఫౌండేషన్ ప్లాంట్ సర్వీసెస్ అమెరికా నర్సరీలకు శుద్ధమైన తల్లి తీగలను అందించే ప్రధాన కేంద్రం. అక్కడ చిగురు కొస పెంపకంతో శుద్ధి చేసి, అన్ని పరీక్షలూ దాటించిన తీగలతో రసెల్ రాంచ్ అనే చోట పెట్టిన తల్లి తోటలోకి కూడా రెడ్ బ్లాచ్ వచ్చి పాకింది. అక్కడి కొమ్మల పంపిణీ ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాత తల్లి తీగలను పురుగు దూరని గ్రీన్‌హౌస్‌లోకి మార్చే పని మొదలైంది. అందుకే నర్సరీలో మొక్క కొనేటప్పుడు అది ఎప్పుడు క్వారంటైన్ దాటిందని అడిగితే సరిపోదు. తల్లి తీగ బయట ఉందా, వల కింద ఉందా, చివరిసారి ఏ ఏడాది ఏ నెలలో ఏయే వైరస్‌లకు చూశారు అని అడగాలి. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగే నర్సరీలు ఎక్కువేమీ లేవు.